మన్మాడు నుండి అనంతపురమునకు
ఫాదరు ఫెర్రరుగారి సంస్మరణ

(జూన్ 19వ తేదీన మా ఊరి విచారణ గుడి హాలులో జరిగిన స్మారక సభలో మా తెలుగు సంఘము తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభ జరుపవలెనని మేము తలపెట్టిననాడు మాలోనే కొందరికి సందేహము కలిగినది. ఆ సందేహమును దాచుకొని మాట్లాడుట మాకిష్టము లేదు. కనుక ముందుగా దానినే చెప్పుచున్నాము. "ఫెర్రరుగారు యేసు సభను విడిచి వివాహము చేసికొన్నవారు గదా! అట్టివారిని గురించి గుడి హాలులో సభ చేయుట ఉచితమా?" అని గుడి పెద్దలలో కొందరు అడిగినారు. "ఆయన కిరస్తానీ ఫాదరు, మనది ఉగాది చేసికొను సంఘము, మనకేమి సంబంధము?" అని మన సంఘ సభ్యులలో కొందరు అడిగినారు. ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. విచారణ గురువులు మొదటిదానికి ఒక్కమాటలో జవాబు చెప్పినారు: చనిపోయినవారికొరకు ప్రార్థన చేయుటకు తిరుసభ ఎవరికిని తలుపు మూయదు, గురుపట్టము ఆత్మమీద పడిన చెరగని ముద్ర. ఇక రెండవదానికి జవాబు మేమే చెప్పవలెను. ఈ ప్రసంగమంతయు ఆ జవాబే.

విన్సెంట్ ఫెర్రరుగారు 1920వ సంవత్సరము ఏప్రిల్ 9న స్పెయిను దేశములోని బార్సెలోనా నగరములో పుట్టినారు. పద్దెనిమిదేండ్లు నిండునప్పటికి ఆ దేశములో అంతర్యుద్ధము. అన్నదమ్ములే రెండు పక్షములై కొట్టుకొన్న యుద్ధమది. 1938లో ఎబ్రో నదీతీరమున జరిగిన పోరులో ఆయన గూడ సైనికుడుగా ఉన్నారు. ఓడిన పక్షముతో సరిహద్దు దాటి ఫ్రాన్సులో నిర్బంధ శిబిరమున కొన్నాళ్ళు గడిపినారు. ఇల్లు విడిచి, ఊరు విడిచి, పరాయి నేలమీద ముళ్ళకంచెల వెనుక ఉండుట ఎట్టిదో ఆయనకు యౌవనముననే తెలిసినది. తరువాత న్యాయశాస్త్రము చదువుట మొదలుపెట్టి, 1944లో దానిని విడిచి యేసు సభలో చేరినారు. 1952లో బొంబాయి ఓడరేవులో దిగినారు. 1956లో గురుపట్టము పొందినారు. మరి రెండేండ్లకు నాసికు జిల్లాలోని మన్మాడునకు వచ్చినారు.

మన్మాడు పేరు వినగానే మన తెలుగువారికి రైలు గుర్తుకు వచ్చును. కాచిగూడలో అజంతా ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, చిన్న పట్టాలమీద రాత్రంతయు కూర్చొని, తెల్లవారి మన్మాడులో దిగి, మూటలు నెత్తిన పెట్టుకొని బొంబాయి బండికి మారిన జ్ఞాపకము మనలో ఎన్ని కుటుంబములకు లేదు? ఇప్పుడా దారి పెద్ద పట్టాల దారి అయినది. షిరిడీకి పోవు యాత్రికులు మన్మాడు మీదుగా ఈనాటికిని పోవుచున్నారు. మనకది బండి మారు చోటు. ఆ స్టేషనుకు ఆవల నల్లరేగడిలో, రాతిగుట్టలలో ఎట్టి రైతులు బ్రదుకుచున్నారో మనము చూడలేదు. బండి మారుటకు ఆగిన మనము చూడని దానిని, అక్కడనే ఆగిపోయిన ఫాదరుగారు చూచినారు.

ఆయన చూచినది కరువు. వాన పడిన ఏడు తిండి, పడని ఏడు అప్పు. అప్పు తీరనియెడల భూమి షావుకారు పాలు. ఇది మనకు క్రొత్త కథ కాదు. మన తాతలను ఊరు దాటించిన కథయు ఇదియే. దీనికి ఆయన కనిపెట్టిన మందు బావి. రైతు తన పొలములో తాను బావి త్రవ్వుకొనవలెను. దానికి కావలసిన సహాయము ఫాదరుగారు చేయుదురు. నీరు పడిన తరువాత ఇంజనునకు, విత్తనములకు చేబదులు ఇత్తురు. పంట వచ్చిన తరువాత రైతు తీర్చవలెను. ఈ చేబదులునకు ఆధారము పత్రము కాదు, నమ్మకము. భిక్షము వేసిన చేయి పైన ఉండును, పుచ్చుకొన్న చేయి క్రింద ఉండును. అప్పు తీర్చిన రైతు చేయి ఎవరి చేతికిని క్రింద ఉండదు. ఈ సూక్ష్మము ఆయన గ్రహించినారు.

ఇందులో ఎవరికేమి నష్టము? నష్టము పొందువారు ఉన్నారు. రైతునకు అప్పు అక్కర లేకపోయినచో అప్పిచ్చువానికి పనిలేదు. ఎండిన పొలము పచ్చనైనచో దానిని చవుకగా కొనదలచినవానికి ఆశలేదు. వెనుక ఏదో మతప్రచారమున్నదని కొందరు, రాజకీయమున్నదని కొందరు అన్నారు. విదేశీయుడు మన రైతులను ఒక్కటిగా కూర్చుచున్నాడన్న అనుమానము బలిసినది. 1968లో ఆయన దేశము విడిచి పోవలెనని ఆజ్ఞ వచ్చినది.

ఇక్కడ మేము కొంచెము ఆగవలెను. ఆ సంవత్సరముల సంగతి మనలో వయస్సు చెల్లినవారికి బాగుగా తెలియును. బొంబాయిలో దక్షిణాది మాట వినబడినచో చాలు, పరాయివారన్న కేక వినబడెడిది. హోటళ్ళ అద్దములు పగిలినవి. దుకాణముల బోర్డులు దిగినవి. ఆ నగరపు కట్టడములకు రాళ్ళెత్తిన కామాఠీలు మనవారే. వారి పేరుమీదనే కామాఠీపుర అని పేట వెలసినది. సోలాపురములో మగ్గము నేసినవారు, భివండిలో సాంచాలు నడపినవారు మనవారే. అయినను ఆ రోజులలో ఇంటి వెలుపల తెలుగు మాట్లాడవద్దని తల్లులు పిల్లలకు చెప్పిన ఇండ్లు ఉన్నవి. కనుక పరాయివాడని ఒక మనిషిని పొమ్మనుట ఎట్టిదో మనకొకరు చెప్పనక్కరలేదు.

అయితే ఆ సంవత్సరమే ఇదే మహారాష్ట్ర నేలమీద మరియొకటి జరిగినది. ఫాదరుగారిని పంపివేయుచున్నారని విని రైతులు లేచినారు. 30,000 మందికి పైగా జనము, మన్మాడు నుండి బొంబాయి వరకు, సుమారు 250 కిలోమీటర్లు నడచినారు. ఆ దారి ఎట్టిదో రైలులో పోయినవారికి తెలియును. నాసికు దాటి, ఇగత్పురి దాటి, కసారా ఘాటు దిగవలెను. ఆ దారిలో రైలుబండికే అదనపు ఇంజను తగిలింతురు. అట్టి దారిలో కాలినడకను పోయినవారిలో మిక్కిలిమంది మరాఠీ రైతులు, హిందువులు. వారు నడచినది తమ కులమువానికొరకు కాదు, తమ మతమువానికొరకు కాదు, తమ భాషవానికొరకు కాదు. తమ పొలములో నీరు చూపిన మనిషికొరకు.

పరాయివాడన్నవారును ఈ నేలవారే, మావాడని నడచినవారును ఈ నేలవారే. ఒక నేలను ఒక్క మాటతో తూచి వేయరాదని దీనివలన మేము నేర్చుకొన్నాము. మన పిల్లలకు 1960 దశాబ్దపు చేదును చెప్పునప్పుడు ఈ నడక గూడ చెప్పవలెను. ఒకటి చెప్పి రెండవది చెప్పకపోయినచో అది సగము నిజమే.

ఆ గోడు ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారి వరకు పోయినది. ఫాదరుగారు కొంతకాలము స్వదేశమునకు పోయి మరల రావచ్చునన్న ఏర్పాటు జరిగినది. ఆయన 1968లో పోయినారు, 1969లో తిరిగి వచ్చినారు. కాని మన్మాడునకు కాదు. ఆయనకు చోటిచ్చినది మన ఆంధ్ర దేశము. ఆయన ఏరుకొన్న జిల్లా అనంతపురము.

దేశములో వాన మిక్కిలి తక్కువైన జిల్లాలను లెక్కించునప్పుడు రాజస్థానములోని జైసల్మేరు తరువాత అనంతపురము పేరే చెప్పుట వాడుక. ఆ లెక్క ఎట్లున్నను అనంతపురమువారిని అడిగినచో చాలును. నైరుతి మేఘము పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొనును. తూర్పు సముద్రపు తుఫానుల వాన అక్కడికి చేరునప్పటికి అడుగంటును. ఎర్రనేల, రాతిగుట్టలు, ఏడాదిలో చాలా దినములు ఇసుకయే కనబడు పెన్నానది. పంట అనగా చెనక్కాయ. విత్తిన తరువాత ఇరువది దినములు వాన రాకపోయినచో ఆ చెనక్కాయయు లేదు. అప్పుడు మిగిలినది బెంగుళూరు బస్సు. మన సంఘములో రెండు మూడు తరముల క్రిందట ఆ వైపు నుండి వచ్చిన కుటుంబములున్నవి. వారి పెద్దలు విడిచి వచ్చిన ఊరికి ఆయన వెదకికొని పోయినారు. మనవారు పొమ్మన్న కరువునకు జడిసి వచ్చినారు. ఆయన అదే కరువును రమ్మని పిలిచినట్లు పోయినారు.

అనంతపురములో మొదట దిగిన ఇంటి గోడమీద, అద్భుతముకొరకు ఎదురుచూడుమని అర్థమిచ్చు మాటలు కాగితముమీద ఉన్నవని ఆయన చరిత్ర చెప్పువారు చెప్పుదురు. ఆ మాట ఆయనకు నచ్చినదట. అయితే ఎదురుచూచుచు కూర్చొనలేదు, గడ్డపారతో బయలుదేరినారు. అక్కడను మొదటి దినములలో స్వాగతము దొరకలేదు. ఈయన వద్దని గోడమీద వ్రాసినవారున్నారు. అయినను 1969లోనే గ్రామీణాభివృద్ధి ట్రస్టు స్థాపితమైనది. దానినే జనము ఆర్.డి.టి. అని పిలుచుచున్నారు.

ఇక 1970. ఆ సంవత్సరము ఫెర్రరుగారు యేసు సభను విడిచినారు. మన్మాడు దినములనుండియు ఆయన పనిలో తోడైన ఆంగ్ల వనిత అన్నే పెర్రీగారిని వివాహము చేసికొన్నారు. మేము దీనిని తప్పని చెప్పుటకు రాలేదు, ఒప్పని తీర్పు చెప్పుటకును రాలేదు. మాటపట్టు తీసికొన్న గురువు దానిని వదలుట తిరుసభకు నొప్పి కలిగించు విషయమే. ఆ నొప్పి గలవారు ఈ హాలులోనే ఉన్నారు. వారి నొప్పిని మేము గౌరవించుచున్నాము. అయితే ఒక్కటి గమనింపవలెను. సభను విడిచినవారు బార్సెలోనాకు పోయి సుఖముగా ఉండవచ్చును. ఆయన పోలేదు. అంగీ మారినది, ఊరు మారలేదు. పేదవారి ముంగిట ఉండెదనన్న మాటను మరి 39 ఏండ్లు, తుదిశ్వాస వరకు చెల్లించినారు. అన్నేగారు ఆయనతో పాటు ఆ పనిని భుజమున మోసినారు. ఆయన పోయిన తరువాతను అదే ఊరిలో ఉండి మోసినారు. జనము మాత్రము ఆయనను ఫాదరనుట మానలేదు. జనము ఇచ్చిన పట్టము గూడ ఒకటి ఉన్నదని మా తలంపు.

అనంతపురములో ఆయన చేసిన పని పెద్దది. దానినంతయు ఇక్కడ ఏకరువు పెట్టుటకు కాలము చాలదు. ముఖ్యమైన నాలుగు సంగతులు చెప్పెదము.

మొదటిది నీరు. మన్మాడు పాఠమే ఇక్కడను. చెరువులు, చెక్‌డ్యాములు, బావులు, చెట్లు. పడిన కొద్ది వానను ఊరు దాటి పోనీయకుండ పట్టుకొనుట.

రెండవది ఇల్లు. ఊరి వెలుపల గుడిసెలలో ఉన్న దళిత కుటుంబములకు, గిరిజనులకు, వెనుకబడినవారికి పక్కా ఇండ్లు. ఆ ఇండ్లలో ఒక విశేషమున్నది. పట్టా ఇంటి ఆడుదాని పేర ఉండును. మొగుడు కోపగించి తలుపు చూపినను ఆమె పోనక్కర లేదు. ఇల్లు ఆమెది. ఈ ఒక్క ఏర్పాటు ఎన్ని కాపురములను నిలిపినదో మన ఆడవారు వెంటనే గ్రహింపగలరు.

మూడవది చదువు. ప్రభుత్వ బడికి పోవు పిల్లకు సాయంకాలము తన వాడలోనే మరల పాఠము చెప్పు బడి. ఇంటిలో దీపము లేని పిల్ల, చదువు చెప్పు తల్లిదండ్రులు లేని పిల్ల వెనుకబడకుండ చేయు ఉపాయమది. చెవిటి పిల్లలకు, చూపులేని పిల్లలకు వేరుగా బడులు. దేవుని శాపమని మూల కూర్చుండబెట్టిన బిడ్డను బడిలో కూర్చుండబెట్టినారు.

నాలుగవది వైద్యము. కళ్యాణదుర్గములో, కణేకల్లులో, బత్తలపల్లిలో ఆస్పత్రులు. ఎయిడ్సు రోగిని ముట్టుకొనుటకు లోకము జంకిన దినములలో బత్తలపల్లిలో వారికి మంచము దొరికినది.

దీనికంతటికి డబ్బెక్కడిది? మిక్కిలిభాగము స్పెయినులోని సామాన్య గృహస్థులు నెలనెల పంపిన చిన్న మొత్తములు. 1996లో ఆ దేశములో ఆయన పేర సంస్థ ఏర్పడినది. లక్షకు పైబడిన దాతలు ఒక్కొక్క బిడ్డ పేర పంపిన సొమ్ము పోగై 3,000కు పైగా గ్రామములకు పారినది. గొప్ప షావుకారు ఒక్కడు ఇచ్చినది కాదు, చిన్నవారు లక్షమంది ఇచ్చినది. 1998లో స్పెయిను దేశము తన ఆస్టూరియా యువరాజు పేరిటి సామరస్య పురస్కారమును ఆయనకు, మరి ముగ్గురికి కలిపి ఇచ్చినది. ఆ ముగ్గురిలో బంగ్లాదేశపు మహమ్మద్ యూనుస్‌గారు ఒకరు.

2009 మార్చిలో ఆయనకు పక్షవాతము వచ్చినది. జూన్ 19న అనంతపురములో కన్నుమూసినారు. 89 ఏండ్లు. బత్తలపల్లిలో సమాధి చేసినారు. ఊళ్ళకు ఊళ్ళు కదలి వచ్చినవి. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ఒకే వరుసలో నిలిచి మట్టి వేసినారు. స్పెయినులో పుట్టిన మనిషికి అనంతపురపు ఎర్రమట్టి. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది. జిల్లా పేరు మారినది గాని, ఆ సమాధి దగ్గర దండము పెట్టువారు మారలేదు.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది పొగడ్త. పొగడ్త సులువు. మేము ఈ సభకు సిద్ధపడుచు ఆయన చరిత్ర చదివినకొద్దీ మాకొక సిగ్గు కలిగినది. దానిని చెప్పకుండ ముగించుట న్యాయము కాదు.

మన ఊరిలో క్రొత్త కట్టడములు లేచుచున్నవి. వాటి దగ్గర రేకుల గుడిసెలలో ఉన్నవారెవరు? పాలమూరు నుండి గుంపు మేస్త్రీ వెంట వచ్చిన కూలీలు. రాయలసీమనుండి, ఉత్తరాంధ్రనుండి వచ్చినవారు. వారు మాట్లాడునది తెలుగే. మన తాతలు వచ్చినప్పుడు ఎట్లు వచ్చినారో వారును అట్లే వచ్చినారు. ముందుగా తీసికొన్న అప్పు తీరువరకు కదలుటకు లేదు. పిల్లలకు బడిలేదు. ఇసుక కుప్పలో ఆడుకొందురు. మనమేమి చేయుచున్నాము? మన ఉగాది పండుగకు వారిని పిలిచినామా? పచ్చడి గిన్నె వారి దాకా పోయినదా? "వారు క్రొత్తగా వచ్చినవారు, మనము పాతకాపులము" అని మనలో మనము అనుకొనుట మేము విన్నాము. మేము గూడ అన్నాము. ఒకనాడు మనలను పరాయివారని అన్నందుకు ఏడ్చినవారము, ఈనాడు మనవారినే పరాయివారని అనుచున్నాము. ఇదియే మా సిగ్గు.

ఫెర్రరుగారు మన భాషవాడు కాడు, మన మతమువాడు కాడు. ఆయన మన ఊరివారి పొలములో బావి త్రవ్వించెను. మన భాషవారు మన వీధి చివరనే దాహముతో ఉండగా మనము చెంబు అందింపలేమా? "మనకేమి సంబంధము?" అని అడిగిన సభ్యులకు ఇదే మా జవాబు. సంబంధము ఉన్నది. అది బాకీ సంబంధము. ఎవరో పరాయి దేశపు గృహిణి తన ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బుతో మన బంధువుల బిడ్డ చదివినది. ఆ బాకీ ఆమెకు తీర్చలేము. మరియొక బిడ్డకు తీర్చవలెను.

అందుచేత మన సంఘ కార్యవర్గము మూడు చిన్న పనులు నిశ్చయించినది. చిన్నవి గనుకనే చేయగలమన్న ధైర్యము. ఒకటి, ఆదివారము సాయంకాలము ఈ హాలులోనే కూలీల పిల్లలకు తెలుగు, మరాఠీ అక్షరములు నేర్పుట. హాలు ఇచ్చుటకు విచారణ గురువులు అంగీకరించినారు. మన ఇంటి పిల్లలును వచ్చి వారితో కలిసి కూర్చొనవలెను. తెలుగు వ్రాయుట వీరికిని రాదు, వారికిని రాదు. రెండు, ఊరినుండి తెచ్చుకొన్న రేషను కార్డుమీద ఇక్కడనే బియ్యము, గోధుమలు తీసికొనుటకు ఇప్పుడు వీలున్నది. ఆ సంగతి తెలియక, లేక దుకాణములో భాష రాక, చాలామంది కొని తినుచున్నారు. వారి వెంట దుకాణమునకు పోయి మాట్లాడి పెట్టుటకు మన యువకులు నలుగురు ముందుకు వచ్చినారు. మూడు, రాబోవు ఉగాది సంచికకు వచ్చు ప్రకటనల రాబడిలో ముద్రణ ఖర్చు పోగా మిగిలినది ఆ పిల్లల పుస్తకములకు. లెక్క అణాపైసలతో సహా సంచికలోనే అచ్చు వేయుదుము. ఫాదరుగారు నమ్మకము మీద అప్పిచ్చినారు. మనము నమ్మకము మీద చందా అడుగుచున్నాము. లెక్క చూపుట మన ధర్మము.

మన్మాడులో బండి మారునప్పుడు ఇకమీదట మన పిల్లలకు ఒక మాట చెప్పుదము. "నాయనా, ఇక్కడినుండి ఒక మనిషిని పొమ్మన్నారు. ఆయనకొరకు ముప్పదివేలమంది నడచినారు. ఆయన మన దేశమునకు వచ్చి, మన కరువును తన కరువు చేసికొన్నాడు" అని చెప్పుదము. స్టేషనులో ఆగిన ఆ పది నిమిషములలో చెప్పగలిగినంత కథయే ఇది. కాని పిల్లవాడు పెద్దవాడగునంతవరకు జ్ఞాపకముండును.

 బయట వరండాలో మజ్జిగ ఉన్నది. మజ్జిగ త్రాగి పోవునప్పుడు బల్లమీది పుస్తకములో, ఆదివారము పాఠములు చెప్పుటకు రాగలవారు పేర్లు వ్రాసి పోవలెనని మా మనవి.

సెలవు.